కబ్దేష్ మలుపు

కబ్దేష్ కొడుక్కి కూడా మొదలైందట అన్న మాట మా టాస్‌బులాక్‌లో రొట్టెల కొట్టు దగ్గర పుట్టి, మధ్యాహ్నానికల్లా రైల్వే డిపో దాకా పాకింది. మా ఊళ్లో రైళ్లు ఆలస్యమవుతాయి గానీ మాటలు ఆలస్యం కావు. అప్పటికి ఎర్మెక్ నడిపే గూడ్సు బండి కింద ఎవరో మనిషి పడి ఒక్కరోజే అయింది. మొదలైందో లేదో ఎర్మెక్‌కే ఇంకా తెలియదు. ఊరికి మాత్రం తెలిసిపోయింది.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అన్నారు. వాళ్ల నాన్నా ఇంజను డ్రైవరే, ఆయనకీ ఇలాగే కదా పట్టుకుంది అన్నారు. అన్నవాళ్లలో సగం మంది కబ్దేష్‌ని కళ్లతో చూసినవాళ్లు కారు. అయినా ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్పలేనివాణ్ణి మనిషి కిందే లెక్కవెయ్యని గడ్డ మాది. ఒక్క తరం కిందటి సంగతి మాకు నిన్నటి సంగతే.

ఆ పూట ఎర్మెక్ పొయ్యి పక్కన ఉన్ని తివాచీ మీద కూర్చుని ఉన్నాడు. భార్య రౌషాన్ పాల టీ గిన్నెలో పోసి అందిస్తే ఎడం చేత్తో పుచ్చుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో ఉంది, దాని బొటనవేలు పిడికిట్లోకి దూరి ఉంది. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఎదురుగా రొట్టె విరుస్తున్న తల్లి బాతిమా చూసింది. చచ్చిపోయేదాకా ఆవిడ మొగుడు కూడా ఆ వేలిని అలాగే దాచుకునేవాడు.

వాళ్లది రైల్వే క్వార్టరు. పెరటి కంచె అవతలే పట్టాలు. బండి వెళ్లినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలలాడతాయి. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ అది వినపడేది కాదు. నిన్నటి నుంచి ఎర్మెక్‌కి వినపడుతోంది. గిన్నెలు కదలడం మొదలయ్యేసరికి ఊపిరి ఆగిపోతోంది, ఆఖరి వ్యాగను దాటేదాకా మళ్లీ ఆడటం లేదు. నీళ్లు తాగుతున్నట్టో, పిల్ల రాత చూస్తున్నట్టో నటిస్తున్నాడు.

పిల్ల పేరు మోల్దిర్, తొమ్మిదేళ్లది. పొట్టి బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని కాపీ రాసుకుంటోంది. ఉన్నట్టుండి తలెత్తి, "నాన్నా, నీకు భయమేసిందా?" అని అడిగేసింది.

రౌషాన్ దాని వంక కళ్లెర్రజేసింది.

"నాన్నకి భయమేంటే?" అన్నాడు ఎర్మెక్. నవ్వాడు కూడా. పిల్ల కాసేపు ఆ మొహాన్నే చూసి మళ్లీ రాతలో పడిపోయింది.

తప్పు అతనిది కాదని విచారణ చేసిన వాళ్లే తేల్చేశారు. డిపో పెద్ద భుజం తట్టి మూడు రోజులు సెలవిచ్చాడు. తిని పడుకో, అన్నీ సర్దుకుంటాయి, నాలుగో రోజు పొద్దున బండికి వచ్చేయ్ అన్నాడు. మంచివాడే పాపం. కానీ ఆ నాలుగో రోజు ఎర్మెక్ నా వల్ల కాదు అంటే ఏమవుతుందో ఆయనా చెప్పలేదు, ఎర్మెక్ కూడా అడగలేదు. ఇద్దరికీ తెలుసు. నగరంలో డాక్టర్ల ముందు నిలబెడతారు. పిచ్చాసుపత్రి లెక్కలో పేరు పడుతుంది. ఆ లెక్కలోకి వెళ్లిన పేరు మళ్లీ బయటికి రావడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. పేరు పడ్డవాడికి ఇంజను మాట అటుంచి, నడపడానికి టాక్సీ కూడా ఇవ్వరు. కాలు విరిగితే మూడు నెలలు జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెడతారు. నిద్ర విరిగితే మనిషినే తీసి పారేస్తారు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సాయంత్రం జాందోస్ వచ్చాడు. ఎర్మెక్ బండిలో అసిస్టెంటు అతనే. నిన్న ఇంజను కేబిన్లో పక్క సీట్లో ఉన్నదీ అతనే. గుమ్మంలోంచే అందరినీ పలకరించి, బాతిమా ముందు పెట్టిన వేయించిన బావుర్సాక్ పిండి ముద్దలు రెండేసి నోట్లో వేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే నిన్నటిదంతా చెప్పడం మొదలెట్టాడు. అప్పటికి ఆ కథ అతను వాళ్లింట్లో, పొరుగింట్లో, డిపోలో, ఊరందరి స్నానశాలలో చెప్పేశాడు. ఉప్పు చెరువు దాటాక ఆ మనిషి పట్టాల మధ్య నడుస్తున్నాడట. ఎదురుగాలి, చెవులు కప్పే టోపీ కిందికి లాగి కట్టుకున్నాడు. హారన్ కొట్టారు, కొడుతూనే ఉన్నారు. అత్యవసర బ్రేకు వేశారు. అయిదు వేల టన్నుల బండి, అది ఆగేసరికి మనిషి ఎక్కడో వెనకబడ్డాడు. రూలు ప్రకారం అసిస్టెంటే దిగి వెళ్లి చూడాలి, జాందోస్ వెళ్లి చూశాడు. ఏం చూశాడో చేతులతో చూపించబోతే రౌషాన్ టీ గిన్నె అతని చేతిలో కుక్కి, పిల్ల ఉంది, ఇక చాలు అంది.

ఎర్మెక్ కేబిన్లోంచి దిగనే లేదు. బ్రేకు పిడి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చూసిందంతా జాందోసే. మరి నిద్ర పట్టనిది ఎర్మెక్‌కి.

సాగనంపడానికి గేటు దాకా వచ్చినప్పుడు జాందోస్ గొంతు తగ్గించాడు. "అన్నా, నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"నా దగ్గర దాచడమెందుకులే." జేబులోంచి చిన్న సీసా తీసి ఎర్మెక్ జేబులో పడేశాడు. గుండెదడకి ముసలమ్మలు తాగే చుక్కలు. డ్రైవర్లు తాగకూడదు. "నాలుగో రోజు బండెక్కే ముందు ఇరవై చుక్కలు వేసుకో. నాడి గుర్రుపెట్టి పడుకుంటుంది. పైన ఇంత పొగబెట్టిన చేప నములు. పరీక్ష గదిలో కులాష్ అక్కది నక్క ముక్కు, వాసన పట్టేస్తుంది. ఒక్కసారి పాసైపోయావంటే తర్వాత అదే అలవాటవుతుంది."

"కాకపోతే?"

"నోరు విప్పావో, అయిపోయావు. మీ నాన్న ఫైలు ఇంకా అక్కడే ఉంది. పక్కన నీది పెడతారు." జాందోస్ బూటుతో మంచు గీరాడు. "నేను దుంగలా పడుకుంటున్నాను అన్నా. అదే నాకు సిగ్గుగా ఉంది."

ఎర్మెక్ అతని వంక చూశాడు. నిన్న ఇద్దరూ ఇంజను ముందరి ఒకే అద్దంలోంచి చూశారు. జాందోస్ ఇంట్లో తొమ్మిది మంది. భోజనానికి కూర్చుంటే ఎవరి పరువూ దక్కదు. అక్కడ నిన్న అతను ఏడ్చాడట, వాళ్లమ్మ ముక్కు తుడిచి మాంసం పెట్టిందట. ఆ సంగతి కూడా తనే చెప్పుకున్నాడు. ఎర్మెక్ ఇంట్లో అలాంటివి మాట్లాడుకునే అలవాటు లేదు.

*

రెండో రోజు పొద్దున్నే బాతిమా ఇనప గరిటెలో సీసం ముక్క వేసి పొయ్యి మీద పెట్టింది. దడుచుకున్న పిల్లలకి మా దగ్గర చేసే వైద్యం ఇది. కరిగిన సీసాన్ని తల మీద పట్టిన చన్నీళ్ల గిన్నెలో పోస్తే, భయం ఆ సీసంలోకి దిగి గడ్డకట్టుకుపోతుందంటారు. ముప్పై ఆరేళ్ల మగాడికి పోయడం ఎవరూ విని ఉండరు. ఎర్మెక్ ముందు కసురుకున్నాడు. తర్వాత అమ్మ మొహం చూసి, మోల్దిర్ బడికి వెళ్లిందో లేదో కనుక్కుని, పీట మీద కూర్చున్నాడు. రౌషాన్ అతని తల మీద దుప్పటి కప్పి, పైన నీళ్ల గిన్నె పట్టుకుంది.

దుప్పటి కింద చీకటి. సీసం నీళ్లలో పడి చుయ్యిమంది. ఎర్మెక్ ఒక్కసారిగా లేచాడు. గిన్నె బోర్లాపడి నీళ్లు మెడమీంచి వీపు మీదికి కారాయి. దుప్పటి లాగేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. కుడి చెయ్యి గాలిలో, అక్కడ లేని బ్రేకు పిడిని పట్టుకుని ఉంది. రౌషాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్లయి పదకొండేళ్లలో ఆమె అతన్ని అలా చూడలేదు.

బాతిమా తొణకలేదు. వంగి నేల మీద పడ్డ సీసం ముక్కని ఏరి అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఏం కనిపించింది?" అన్నాడు ఎర్మెక్, నవ్వబోయి.

"ఏముంది, ముద్ద." ఆవిడ దాన్ని జేబులో వేసుకోబోయి ఆగిపోయింది. "నీ చిన్నప్పుడు నెలకోసారి పోసేదాన్ని. గుర్తుందా?"

"నాన్నకి పోశావా?"

"డ్రైవరుకి ఎవరు పోస్తారు? భయపడ్డాడని తెలిస్తే పరువేముంటుంది? ఆయన నిద్దట్లో అరిచేవాడు. నువ్వు దడుచుకునేవాడివి. నేను నీకు పోసేదాన్ని. మళ్లీ తీసుకెళ్లి అదే గదిలో పడుకోబెట్టేదాన్ని." సీసం ముక్కని పొయ్యి గట్టు మీద పెట్టి చూస్తూ నిలబడింది. "భయం ఒకరిది, మందు ఒకరికి. ఏం తెలివి నాది."

తర్వాత ఆవిడ తడిసిన తివాచీ పెరట్లో ఆరేసి, తలకి రుమాలు గట్టిగా కట్టుకుని ఫోను అందుకుంది. మొగుడి అన్న పేరు ఎత్తడం మా ఆడవాళ్లకి తప్పు. అందుకని ఆవిడ, "పెద్దింటాయన ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాక ఒక్క మాటే చెప్పింది. "బావగారూ, వచ్చి వీణ్ణి తీసుకెళ్లండి."

*

ఎర్మెక్ పెదనాన్న ఒస్పాన్ మూడో రోజు తెల్లవారేసరికి తన పాత జీపు వేసుకుని వచ్చాడు. గొర్రెలు ఈనే కాలం కదా, మనిషంతా ఉమ్మనీటి వాసన, గడ్డి వాసన. డెబ్బై ఏళ్లు దాటినా జీపులోంచి దూకి దిగాడు. మా ఊళ్లో అన్నదమ్ములిద్దరి గురించీ ఒక మాట ఉంది, ఒస్పాన్ రాయి, కబ్దేష్ గాజు అని. రాయి టీ కూడా తాగలేదు. నాకు చేతులు చాలట్లేదు, నీ చేతులు ఖాళీగా ఉన్నాయట, పద అని ఎర్మెక్‌ని ఎక్కించుకున్నాడు.

ఊరు దాటాక దారి పట్టాలని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. అక్కడ లైను వంపు తిరుగుతుంది. పటాల్లో ఆ చోటుకి నంబరే ఉంది గానీ, డ్రైవర్లంతా దాన్ని కబ్దేష్ మలుపంటారు. అక్కడే ఒక పెళ్లివాళ్ల లారీ ఆయన ఇంజనుకి అడ్డంగా వచ్చింది. అప్పటి నుంచి ఏ డ్రైవరైనా సరే అక్కడ హారన్ పొడుగ్గా కొట్టి వెళతాడు. రూలు కాదు, అలవాటు. ఎర్మెక్ కూడా వందల సార్లు కొట్టాడు. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు.

గేటు పడి ఉంది. దూరం నుంచి బొగ్గు బండి వచ్చింది. హారన్ మొదలైంది, ఆగలేదు. ఎర్మెక్ కాళ్లు రెండూ జీపు నేలని తన్నిపట్టాయి. ఊపిరి ఆగిపోయింది. ఒస్పాన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని తిన్నగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. గేటు లేచాక కూడా వెంటనే బండి కదపలేదు. ఎర్మెక్ ఊపిరి మామూలయ్యాక గేరు వేశాడు.

దొడ్డిలో మాట్లాడుకునే తీరిక లేదు. ఈనుతున్న గొర్రెలు మూలమూలల్లో నిలబడి నేల తవ్వుతున్నాయి. పిల్ల పడగానే ఎర్మెక్ పట్టుకోవాలి. మూతి మీది జిగురు వేలితో తీసి, ముక్కులో గడ్డిపరక పెట్టి తుమ్మించాలి. ఊపిరి రాకపోతే వెనక్కాళ్లు పట్టుకుని ఊపాలి. బొడ్డుకి అయోడిన్ రాసి, తల్లి ముందు పడేస్తే అది నాకుతుంది. ఒకటి, ఇంకొకటి, ఒకేసారి రెండు. చొక్కా చేతులు మోచేతి దాకా తడిసిపోయాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎర్మెక్ తన కుడి చెయ్యి వంక చూసుకున్నాడు. బొటనవేలు బయటే ఉంది. అది ఎప్పుడు బయటికి వచ్చిందో అతనికి తెలియలేదు.

గోడ నీడన కూర్చుని పుల్లటి మజ్జిగ తాగుతున్నప్పుడు ఎర్మెక్ అన్నాడు, "నాన్న రక్తం వచ్చింది నాకు. నీది వచ్చుంటే ఎంత బావుండేది పెదనాన్నా."

ఒస్పాన్ మీసం తుడుచుకుని నవ్వాడు. "ఒక తల్లి కడుపున పుట్టాం. రక్తం రెండు రకాలెలా అవుతుందిరా?"

"నువ్వు రాయి అంటారు కదా."

"ఊరికేం పని." అప్పుడే పుట్టిన పిల్ల ఒకటి కాళ్లు కూడదీసుకుని లేవబోయి పడుతోంది. అది నిలబడేదాకా ఒస్పాన్ చూశాడు. "జుత్ వచ్చిన ఏడు గుర్తుందా? నువ్వు చిన్నవాడివి. మంచు మీద వాన పడి, ఆ వాన గడ్డకట్టుకుపోయింది. కింద గడ్డి ఉంది, పైన గాజుపలక. గొర్రెల గిట్టలకి పగల్లేదు. నా మంద నిలబడి నిలబడే చచ్చిపోయింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి వాటికి."

"విన్నాను."

"ఇది విని ఉండవు. ఆ తర్వాత నేను మాట మానేశాను. ఎక్కడైనా గొర్రె అరిస్తే చొక్కా తడిసిపోయేది. చెంచా పట్టుకుంటే పులుసంతా ఒంటి మీదే. మీ పెద్దమ్మ తినిపించేది నాకు, పిల్లాడికి తినిపించినట్టు."

ఎర్మెక్ మజ్జిగ గిన్నె కింద పెట్టాడు. "ఎవరూ చెప్పలేదే?"

"చెప్పుకోడానికి ఏముంది? ఊరందరి గొర్రెలూ పోయాయి. ప్రతి ఇంట్లోనూ ఒకడు వణుకుతూనే ఉన్నాడు. ఎవరు ఎవర్ని చూసి నవ్వాలి? గడ్డి మొలిచేదాకా నన్ను ఒంటరిగా వదల్లేదు. పొద్దున్నే వచ్చి లాక్కెళ్లేవాళ్లు, రా, తివాచీలకి ఉన్ని కొడదాం అని. కొట్టేది ఏముంది, చచ్చిన గొర్రెల ఉన్నే. కొడుతూ ఏడ్చేవాణ్ణి. పక్కవాడూ ఏడ్చేవాడు. సాయంత్రానికి ఎవడో ఒకడు బూతు జోకు వేసేవాడు." ఒస్పాన్ తన చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. "ఇప్పటికీ వాన, మంచు కలిసి పడితే ఇవి వణుకుతాయి. ఉంది నాలోనూ."

"మరి నాన్న?"

"మీ నాన్నకి పొద్దున పెళ్లి లారీ. సాయంత్రం అదే ఇంజను, అదే దారి. ఎక్కనన్నాడు. ఎక్కనన్నందుకు పిచ్చన్నారు. ఊరంతా గుమ్మం ముందు గొంతు తగ్గించి నడిచింది. వణికే రక్తమేరా మా ఇద్దరిదీ. నా వణుకు పక్కన జనం కూర్చున్నారు. వాడి పక్కన ఎవడూ కూర్చోలేదు." ఒస్పాన్ లేచి బూట్లకి అంటిన గడ్డి దులుపుకున్నాడు. "నేనూ కూర్చోలేదు. రెండు రోజులుండి, గొర్రెలు ఈనుతున్నాయని వచ్చేశాను."

మూల నిలబడ్డ గొర్రె మూలిగింది. ఇద్దరూ లేచి అటు వెళ్లారు.

చీకటి పడకముందే ఒస్పాన్ అతన్ని ఇంట్లో దింపాడు. రౌషాన్ సూపు పోసింది. మోల్దిర్ నాన్న పక్కన చేరి గొర్రెపిల్లల రంగులు అడుగుతోంది. చెంచా నోటి దాకా వెళ్లింది దానిది. అంతలో అలమరలో గిన్నెలు గలగలలాడాయి.

ఎర్మెక్ ఊపిరి ఆగింది. ఆగినా ఈసారి అతను కిందికి చూడలేదు, పిల్ల వంక చూశాడు. మోల్దిర్ చెంచా గాలిలో ఆగి ఉంది. భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి. రెండో చెయ్యి బల్ల కింద ఉంది. ఎర్మెక్ వంగి చూశాడు. చిన్న పిడికిలి. బొటనవేలు కనపడటం లేదు.

ఆఖరి వ్యాగను వెళ్లిపోయింది. భుజాలు దిగాయి, చెంచా నోట్లోకి వెళ్లింది.

"భయమేసిందా తల్లీ?" అన్నాడు.

"లేదు," అంది మోల్దిర్. నవ్వింది కూడా. "నాకు భయమేంటి?"

మాటా అతనిదే, నవ్వూ అతనిదే. బల్లకి ఆ వైపు బాతిమా రొట్టె విరుస్తున్నది విరుస్తున్నట్టే ఆగిపోయింది. ఈ మూడు రోజులూ ఎర్మెక్ తండ్రి నుంచి తనకేం వచ్చిందా అనే కుమిలిపోయాడు. తన నుంచి ఏం వెళుతోందో చూడలేదు. రక్తాన్ని ఎవడూ మార్చలేడు. కానీ ఈ పిడికిలి రక్తంలో రాలేదు, మూడు రోజుల్లో ఈ బల్ల దగ్గర నేర్చుకుంది.

*

నాలుగో రోజు పొద్దున ఎర్మెక్ డ్రైవరు కోటు వేసుకుని డిపోకి వెళ్లాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. జేబులో జాందోస్ ఇచ్చిన సీసా ఉంది. దారిలో డిపో గోడ దగ్గర ఆగి, మూత తీశాడు. ఒక్క వాసనకే నోరూరింది. మూడు రోజులుగా నిద్ర లేని ఒళ్లు అది. ఇరవై చుక్కలు వేసుకుంటే ఇల్లు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది, సాయంత్రానికి ఊరి నోళ్లు మూతపడతాయి. సీసాని వంచి మంచులో ఒంపేశాడు. ఖాళీ సీసాని జేబులో వేసుకుని లోపలికి నడిచాడు.

బండెక్కే ముందు ప్రతి డ్రైవరూ కులాష్ గదిలో కూర్చోవాలి. ఆవిడ రక్తపోటు, నాడి చూసి, నోట్లో వాసన చూసి, కాగితం మీద ముద్ర గుద్దుతుంది. ముద్ర పడితే బండి, లేకపోతే లేదు. గది బయట బల్ల మీద జాందోస్ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎర్మెక్‌ని చూసి పళ్లు ఇకిలించి, చేప నమిలావా అన్నట్టు దవడ ఆడించాడు.

కులాష్ లావుపాటి మనిషి. మాటలో కరుకే గానీ, పట్టీ చుట్టేటప్పుడు చొక్కా చెయ్యి తనే మెల్లిగా మడిచేది. గాలి కొట్టింది, వదిలింది. చెవులకి తగిలించుకున్న గొట్టం సర్దుకుని మళ్లీ కొట్టింది. మణికట్టు పట్టుకుని గోడ గడియారం వంక చూసింది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"ఏం తిన్నావురా? నూట ఇరవై, ఎనభై. నాడి అరవై ఎనిమిది. పెళ్లికొడుకువి. నీకెలా వస్తుందోనని పొద్దున్నుంచి బెంగపెట్టుకున్నాను." మొహం దగ్గరికి తెచ్చి వాసన చూసింది. "ఏమీ తాగలేదు కూడా. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఇంత బాగా ఎప్పుడూ లేదు నీకు."

ఎర్మెక్‌కీ ఆశ్చర్యమే. మూడు రోజులు పట్టాల మీద పరిగెత్తినట్టు కొట్టుకున్న గుండె, చెప్పేద్దామని నిశ్చయించుకున్న ఈ పూట నింపాదిగా కొట్టుకుంటోంది. యంత్రం తప్పు చెప్పలేదు. ఊరుకుంటే చాలు, ఆవిడ చెయ్యి అప్పుడే ముద్ర మీదికి వెళ్లింది. ఒక్క క్షణం అతనికి ఊరుకోవాలనే అనిపించింది.

"అక్కా, ముద్ర వెయ్యొద్దు."

కులాష్ చెయ్యి గాలిలో ఆగింది.

"నిద్ర లేదు. హారన్ వినపడితే ఊపిరాగిపోతోంది. నిన్న గేటు దగ్గర కాళ్లు బిగుసుకుపోయాయి, నేను కదపలేకపోయాను. వెనకాల అయిదు వేల టన్నులుంటే ఏం చేస్తాను?"

ఆవిడ లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కుర్చీ అతనికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. "నువ్వు ఇది చెప్పలేదు, నేను వినలేదు. కడుపునొప్పి అని రాస్తాను. రెండు రోజులు వస్తాయి."

"ఆ తర్వాత?"

ఆవిడ కాగితం వంక చూసింది.

"ఉన్నదే రాయక్కా."

"రాస్తే వెనక్కి తీసుకోవడం నా చేతిలో ఉండదురా. నగరానికి పంపిస్తారు. మళ్లీ ఇంజను ఎక్కనిస్తారో లేదో దేవుడికే తెలియాలి. నీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడుగుతారు. మీ నాన్న పేరు తీస్తారు."

"తియ్యక్కర్లేదు. నేనే చెప్తాను. మా పెదనాన్నకీ ఉందని చెప్తాను. నలుగురూ పక్కన కూర్చుంటే తగ్గిందని కూడా చెప్తాను. అది ఏ గడిలో రాసుకుంటారో రాసుకోనీ."

కులాష్ కళ్లజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

అతను బయటికొచ్చేసరికి జాందోస్ లేచి నిలబడ్డాడు. ఎర్మెక్ చేతిలో ముద్ర లేని కాగితం చూసి, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆఖరికి, సాయంత్రం బండి దిగి వస్తానన్నాడు. ఊరికే, కూర్చోడానికి.

మధ్యాహ్నం మోల్దిర్ బడి నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లో ఉన్నాడు. డ్రైవరు కోటు మేకుకి వేలాడుతోంది. రౌషాన్ మొహం కడుక్కుని వచ్చింది గానీ కళ్లు ఎర్రగానే ఉన్నాయి. బాతిమా పిండి పిసుకుతోంది. పిల్ల సంచీ దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాన్నా, నువ్వు వెళ్లలేదా?"

"లేదు."

"ఎందుకు?"

అలమరలో గిన్నెలు కదిలాయి. అది అతని బండి. వేరే డ్రైవరు నడుపుతున్నాడు, పక్కన జాందోస్ ఉండి ఉంటాడు. ఎర్మెక్ చెయ్యి దానంతట అదే బల్ల కిందికి పోబోయింది. దాన్ని తీసి బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాడు. వణుకుతోంది.

"భయమేసింది," అన్నాడు.

మోల్దిర్ నాయనమ్మ వంక చూసింది, అమ్మ వంక చూసింది. ఎవరైనా నవ్వుతారేమోనని, కళ్లెర్రజేస్తారేమోనని చూసింది. ఎవరూ నవ్వలేదు, కళ్లెర్రజేయలేదు. దూరంగా కబ్దేష్ మలుపు దగ్గర హారన్ మొదలై, చాలాసేపు మోగి, ఆగింది.

"నాకూ వేస్తుంది," అంది పిల్ల. "బండి వచ్చినప్పుడల్లా."

ఎర్మెక్ జరిగి, తివాచీ మీద తన పక్కన చోటిచ్చాడు.